రెస్టారెంట్లలో ప్లాస్టిక్ స్ట్రాలు, కప్పులు తగ్గించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే: "ప్లాస్టిక్‌కు బదులు ఏం కొనాలి?" చాలాసార్లు నా జవాబు "ఏమీ కొనొద్దు" అనే. అది నచ్చనివాళ్లు వెంటనే రెండో ప్రశ్న వేస్తారు, ఆ తర్వాత మూడోది. అలా పోగుపడ్డవే ఇవన్నీ. యజమానులు, మేనేజర్లు, వడ్డించేవాళ్లు అడిగినవే ఇందులో ఎక్కువ. తాగడానికి వచ్చేవాళ్లవి కొన్ని.

ఎక్కడ మొదలుపెట్టాలి?

చెత్తబుట్ట దగ్గర. ఒక వారం పాటు రోజూ రాత్రి షాపు కట్టేసే ముందు చెత్తబుట్టలోకి తొంగి చూడండి. చుట్టిన కాగితం కూడా విప్పని స్ట్రాలు, రెండు గుక్కలు తాగి వదిలేసిన కప్పులు, ఒక కప్పు వేడిగా ఉందని దాని కింద తొడిగిన రెండో కప్పు కనిపిస్తాయి. తర్వాత కొనుగోలు బిల్లులు తీసి, నెలకు ఎన్ని కప్పులు, ఎన్ని మూతలు, ఎన్ని స్ట్రాలు వస్తున్నాయో రాసుకోండి. ఆ లెక్కను రెండుగా విడదీయండి: లోపల కూర్చుని తాగినవాళ్లకు ఇచ్చినవి ఎన్ని, పార్సిల్ కట్టినవి ఎన్ని. ఈ విభజన లేకపోతే కింద చెప్పబోయేదేదీ సరిగ్గా పనిచేయదు. లోపల కూర్చున్నవాళ్లకు ఇచ్చే కప్పును రేపటి నుంచే మానేయొచ్చు. పార్సిల్ కప్పు వేరే కథ.

సముద్రంలో చేరే ప్లాస్టిక్‌లో స్ట్రాల వాటా ఎంత? ఇంత చిన్నదానికి ఇంత గోల అవసరమా?

సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెబుతాను. బరువు లెక్కన చాలా తక్కువ. 2015లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం 2010 ఒక్క ఏడాదిలో భూమి మీద నుంచి సముద్రాల్లోకి చేరిన ప్లాస్టిక్ 48 లక్షల నుంచి 127 లక్షల టన్నుల మధ్య ఉంటుంది. స్ట్రా అర గ్రాము కూడా తూగదు. ప్రపంచంలో స్ట్రాలన్నీ మాయమైనా ఆ అంకె పెద్దగా కదలదు.

స్ట్రా మీద ఇంత దృష్టి పడటానికి కారణం 2015లో కోస్టారికా దగ్గర తీసిన ఒక వీడియో. సముద్రపు తాబేలు ముక్కులో ఇరుక్కున్న స్ట్రాను పరిశోధకులు పట్టుకారుతో లాగుతుంటే చూసి కోట్లమంది విలవిల్లాడారు. అమెరికాలో రోజుకు 50 కోట్ల స్ట్రాలు వాడతారన్న మాట కూడా అప్పుడే ఊరూవాడా పాకింది. ఆ అంకె పుట్టింది 2011లో, ఒక తొమ్మిదేళ్ల కుర్రాడు స్ట్రాలు తయారుచేసేవాళ్లకు ఫోన్లు చేసి వేసిన అంచనా నుంచి. పిల్లవాడి పట్టుదలను మెచ్చుకోవాల్సిందే, కానీ ఆ అంకెను మీ గోడ మీద పోస్టర్‌గా అంటించకండి.

మరి స్ట్రాతో ఎందుకు మొదలుపెట్టమంటున్నాను? చాలామందికి దాని అవసరమే లేదు కాబట్టి. ఇవ్వకపోతే ఎవరూ అడగరు, ఖర్చు లేదు, కొత్త సామాను అక్కర్లేదు. సిబ్బందికి "అలవాటు మార్చగలం" అన్న ధైర్యం వస్తుంది. కాకపోతే అక్కడే ఆగిపోయి గేటు ముందు బోర్డు పెట్టుకుంటే మాత్రం అది ఆత్మవంచన. ఓ మోస్తరు కప్పు, మూతతో కలిపి, పది గ్రాములకు పైనే ఉంటుంది. అంటే ఒక్క కప్పు మానితే ఇరవై స్ట్రాలు మానినంత. అసలు పని అక్కడుంది.

"అడిగితేనే స్ట్రా" అంటే కస్టమర్లు చిన్నబుచ్చుకోరా?

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. రెస్టారెంట్లు మాత్రం నీళ్ల గ్లాసులో కూడా అడక్కుండానే స్ట్రా గుచ్చి ఇస్తాయి. ఆ అలవాటును తిరగేయడమే ఈ పద్ధతి. స్ట్రా ఉంటుంది, కౌంటర్ వెనక ఉంటుంది, అడిగినవాళ్లకు వెంటనే వస్తుంది.

ఇందులో మాట తీరు ముఖ్యం. "స్ట్రా కావాలా?" అని ప్రతి టేబుల్ దగ్గరా అడిగితే సగం మంది ఆలోచించకుండా "ఆ, ఇవ్వండి" అంటారు. కాబట్టి అడగొద్దు. గ్లాసు పెట్టేసి వెళ్లండి. "మేము ప్లాస్టిక్‌కు వ్యతిరేకం, అందుకే ఇవ్వం" అనే ఉపన్యాసం అసలే వద్దు. దాహమేసి వచ్చినవాడికి నీతి బోధ ఎందుకు? మెనూలో చిన్న అక్షరాల్లో "స్ట్రా కావాలంటే అడగండి" అని ఒక్క వాక్యం చాలు. బల్ల మీద స్ట్రాల డబ్బా ఉంటే ఈ ఏర్పాటంతా వృథా, ముందు దాన్ని తీసేయండి. పిల్లలు ఆడుకోవడానికే సగం డబ్బా ఖాళీ అవుతుంది.

ఫోన్ యాప్‌లో వచ్చే ఆర్డర్లకూ ఇదే సూత్రం. "స్ట్రా, చెంచా వద్దు" అనే గడి పెట్టి టిక్ చేయమంటే ఎవరూ చేయరు. "కావాలి" అనే గడి పెట్టి ఖాళీగా ఉంచండి. కావలసినవాళ్లే నొక్కుతారు.

స్ట్రా లేకపోతే తాగలేనివాళ్ల సంగతేమిటి?

ఈ పేజీలో ఒక్క ప్రశ్నే చదువుతానంటే ఇదే చదవండి. చేతులు వణికేవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, దవడకు ఆపరేషన్ అయినవాళ్లు... వీళ్లకు స్ట్రా సోకు కాదు, అదే చెయ్యి. వంగే స్ట్రా చరిత్రే చూడండి. 1930లలో సాన్‌ఫ్రాన్సిస్కోలో జోసెఫ్ ఫ్రీడ్‌మన్ అనే ఆయన కౌంటర్ దగ్గర కూర్చున్న తన చిన్న కూతురు నిటారు స్ట్రాతో తాగలేక అవస్థ పడటం చూసి, మడత పడే స్ట్రా తయారుచేసి 1937లో పేటెంట్ పొందారు. ఆయన తొలి అమ్మకం హోటల్‌కు కాదు, ఆసుపత్రికి. పడుకున్న రోగి నోటికి నీళ్లు అందడమే దాని తొలి ఉపయోగం.

బదులుగా వచ్చినవేవీ వీళ్లందరికీ కుదరవు. కాగితం స్ట్రా మెల్లగా తాగేవాళ్ల నోట్లోనే నానిపోతుంది, ముక్క ఊడితే గొంతుకు అడ్డం పడొచ్చు. స్టీలు వంగదు, పళ్లకు తగులుతుంది, వేడి పానీయంలో కాలుతుంది. సిలికాన్ కొందరికి బాగుంటుంది కానీ శుభ్రం చేయడానికి ఇంకొకరి సాయం కావాలి. అందుకే వంగే ప్లాస్టిక్ స్ట్రాలు కొన్ని లోపల ఉంచుకోండి, చట్టం ఒప్పుకుంటే. ఇంగ్లండ్‌లో 2020 అక్టోబర్ నుంచి ఉన్న నిబంధన ఈ విషయంలో బాగుంది: రెస్టారెంట్లు ప్లాస్టిక్ స్ట్రాలు కనబడేలా పెట్టకూడదు, అడక్కుండా ఇవ్వకూడదు, అడిగినవాళ్లకు ఇవ్వొచ్చు. "మీకేమైంది?" అని ఆరా తీయనక్కర్లేదు. మీ సిబ్బందికి నేర్పాల్సిందీ అదే. అడిగితే ఇవ్వండి, కారణం అడక్కండి, ముఖం చిట్లించకండి.

కాగితం స్ట్రాలకు మారిపోతే సరిపోదా?

కాగితం స్ట్రా కొత్తదేం కాదు. స్ట్రా అన్న మాటకు అసలు అర్థం గడ్డి పరకే. పూర్వం రై గడ్డి కాడలతోనే తాగేవారు. కాడ చీలికలై నోట్లోకి వస్తోందని విసిగిపోయిన మార్విన్ స్టోన్ అనే అమెరికన్ పెన్సిల్‌కు కాగితం చుట్టి, జిగురు పెట్టి చూశారు. తడికి నానకుండా మైనం పూసిన కాగితం స్ట్రాకు 1888లో పేటెంట్ తీసుకున్నారు. ప్లాస్టిక్ వచ్చి దాన్ని తోసేసింది, ఇప్పుడు మళ్లీ వెనక్కి పిలుస్తున్నాం.

ఇబ్బందల్లా ఆ నానకుండా ఉండే పూత దగ్గరే. బెల్జియంలోని ఆంట్వెర్ప్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 39 బ్రాండ్ల స్ట్రాలు పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. పీఎఫ్ఏఎస్ అనే, ప్రకృతిలో ఓ పట్టాన విరగని రసాయనాలు కాగితం బ్రాండ్లు 20లో 18 వాటిలో కనిపించాయి. వెదురువి 5లో 4. స్టీలు స్ట్రాల్లో ఒక్కదానిలోనూ లేవు. దొరికిన మోతాదులు తక్కువే, అప్పుడప్పుడూ తాగేవాళ్లు బెంబేలెత్తాల్సిన పనిలేదని వాళ్లే అన్నారు. కానీ "మొక్కల నుంచి వచ్చింది కాబట్టి మంచిదే" అనే భరోసా మాత్రం కూలిపోయింది. పెట్టె మీద ఆకు బొమ్మ వేసినంత మాత్రాన లోపలిది ఆకు కాదు.

నా మాట: అడిగినవాళ్లకు ఇవ్వడానికి కాగితం స్ట్రా ఉంచుకోవచ్చు. పీఎఫ్ఏఎస్ వాడలేదని సరఫరాదారుతో రాతపూర్వకంగా తీసుకోండి. అందరికీ పంచడానికి మాత్రం వద్దు.

స్టీలు, గాజు, సిలికాన్?

లోపల కూర్చుని తాగేవాళ్లకు, చిక్కటి పానీయాలకు పనికొస్తాయి. సన్నటి కుంచెతో లోపల తోమాలి, కడిగాక లైటుకు అడ్డంగా పట్టుకుని చూడాలి. ఇది చేసే ఓపిక మీ వంటగదిలో లేకపోతే కొనకండి. గట్టి మూత రంధ్రంలో నిలబెట్టిన స్టీలు స్ట్రాతో నడవనివ్వకండి. అలా పట్టుకుని పడిపోయి ప్రాణం పోయిన ఘటన ఇంగ్లండ్‌లో 2018లో జరిగింది.

మేం వాడేది కాగితం కప్పులే. అవి ప్లాస్టిక్ కాదు కదా?

కాగితం కప్పులో నీళ్లు ఎందుకు కారిపోవో ఎప్పుడైనా ఆలోచించారా? లోపల పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ పొర ఉంటుంది. కప్పు బరువులో సాధారణంగా 5 శాతం దాకా అదే. ఆ పొర కాగితానికి గట్టిగా అంటుకుని ఉండటం వల్ల మామూలు కాగితపు మిల్లు దాన్ని తీసుకోదు. విడదీయగల ప్రత్యేక మిల్లులు కొన్నే. మిగతావి చెత్తకుప్పకో, కాల్చే పొయ్యికో పోతాయి. తాగిన కప్పు తడిగా, తీపిగా ఉండి పక్కనున్న మంచి కాగితాన్ని కూడా పాడుచేస్తుంది.

ఇంకో సంగతి. ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు ఈ కప్పుల్లో 85 నుంచి 90 డిగ్రీల వేడినీళ్లు పోసి పావుగంట ఉంచి చూశారు. 100 మిల్లీలీటర్ల నీళ్లలోకి సుమారు 25 వేల మైక్రోప్లాస్టిక్ రేణువులు వచ్చి చేరాయి. వేడి పానీయం మెల్లగా తాగడానికి పట్టే సమయం అంతే.

ప్లాస్టిక్ కప్పు తీసేసి ఈ కప్పు తెచ్చుకోవడం పెనం మీంచి పొయ్యిలో పడటం అనను కానీ, పెనం ఈ అంచు నుంచి ఆ అంచుకు జరగడమే.

"కంపోస్టబుల్" అని రాసినవి కొంటే?

కంపోస్టబుల్ అంటే కుళ్లి ఎరువులా మారేది అని. వీటిలో ఎక్కువగా కనిపించేది పీఎల్ఏ అనే ప్లాస్టిక్. మొక్కజొన్న, చెరకు లాంటి పంటల పిండి, చక్కెరల నుంచి చేస్తారు. అది మట్టిలో కలిసేది సుమారు 60 డిగ్రీల వేడి నిలబడే పెద్ద కంపోస్టు కేంద్రాల్లోనే. ఐరోపా ప్రమాణం ఈఎన్ 13432 కూడా ఆ వాతావరణంలో ఆరు నెలల్లో 90 శాతం విరగాలనే చెబుతుంది. ఇంటి వెనక గుంతలోనో, కాలువలోనో అలా జరుగుతుందని అది చెప్పదు. సముద్రంలో పడ్డ పీఎల్ఏ కప్పు మామూలు ప్లాస్టిక్ కప్పులాగే తేలుతూనో మునుగుతూనో ఉండిపోతుంది. మామూలు పీఎల్ఏ 55, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది కాబట్టి వేడి పానీయాలకు పనికిరాదు. సీసాల ప్లాస్టిక్‌తో కలిస్తే ఆ రీసైక్లింగ్‌నూ చెడగొడుతుంది. కొనే ముందు మీ చెత్త తీసుకెళ్లేవాళ్లను ఒక్క మాట అడగండి: "ఈ కప్పును మీరు ఎక్కడికి పంపుతారు?" జవాబు తడబడితే డబ్బు దండగ.

గ్లాసులు కడగడానికి నీళ్లు, కరెంటు అవుతాయి కదా? అది కాలుష్యం కాదా?

అవుతాయి. ఈ లెక్క చాలా ఏళ్ల క్రితమే వేశారు. కెనడా రసాయన శాస్త్రవేత్త మార్టిన్ హాకింగ్ 1994లో తయారీకి, కడగడానికి పట్టే శక్తినంతా కలిపి పోల్చారు. కాగితం కప్పుతో సరితూగడానికి పింగాణీ కప్పును 39 సార్లు వాడాలి, గాజు గ్లాసును 15 సార్లు, గట్టి ప్లాస్టిక్ కప్పును 17 సార్లు. ఫోమ్ (థర్మాకోల్ లాంటిది) కప్పుతో పోలిస్తే మాత్రం పింగాణీకి 1,006 సార్లు పట్టింది, ఎందుకంటే ఫోమ్‌లో ఉండేది దాదాపు గాలే. ఈ రెండో అంకెను ఫోమ్ అమ్మేవాళ్లు ఇష్టంగా చెప్పుకుంటారు. అది శక్తి లెక్క మాత్రమే. గాలికి ఎగిరి కాలువలో పడే ఫోమ్ ముక్కల లెక్క అందులో లేదు.

రోజుకు నాలుగుసార్లు తిరిగే గ్లాసు 39ని పది రోజుల్లో దాటేస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి లాభమే. అయితే సగం ఖాళీగా మిషన్ తిప్పడం, కుళాయి వదిలేసి కడగడం ఆ లాభాన్ని తినేస్తాయి. ట్రే నిండాకే మిషన్ వేయండి.

అందరూ తాగిన గ్లాసు... శుభ్రత మాటేమిటి?

ఎంగిలి అన్న సంకోచం ఉన్నవాళ్లకు మాటలతో చెప్పి లాభం లేదు, గ్లాసు మెరవాలి. పద్ధతి ఇది: తోమడం, కడగడం, క్రిములు చంపడం, ఆరబెట్టడం, ఈ వరుసలోనే. అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం చేత్తో కడిగేటప్పుడు 77 డిగ్రీల వేడినీళ్లలో 30 సెకన్లు ముంచాలి, మిషన్‌లో అయితే గ్లాసు ఉపరితలం 71 డిగ్రీలకు చేరాలి. వేడినీళ్లు కుదరకపోతే క్లోరిన్ ద్రావణం. తర్వాత బోర్లించి గాలికి ఆరనివ్వాలి. చాలాచోట్ల జరిగే తప్పు ఇక్కడే: బాగా కడిగిన గ్లాసును రోజంతా బల్లలు తుడిచిన గుడ్డతో తుడుస్తారు. ఇక కడిగి ఏం ప్రయోజనం?

ఆ మాటకొస్తే, పారేసే కప్పులు పుట్టుకతోనే శుభ్రమైనవేం కావు. పైన మూత లేని సంచిలో, కౌంటర్ పక్కన దుమ్ములో నిలబడి ఉంటాయి.

గ్లాసులు పగులుతాయి, మాయమవుతాయి?

పగులుతాయి. కొన్ని పోతాయి కూడా. గట్టిపరిచిన గాజు లేదా స్టీలు తీసుకోండి, అవసరానికి మించి కొన్ని ఎక్కువ కొనండి, రద్దీ వేళ సింకులో ఉండేవాటిని కూడా లెక్కలో వేసుకోండి.

పార్సిల్‌కు ఏం చేయాలి?

రెండు దారులు. మొదటిది, కస్టమర్ తన కప్పు తెచ్చుకోవడం. కప్పును మీ సిబ్బంది పట్టుకోకుండా ట్రేలో పెట్టించుకుని, కొలత పాత్రతో పైనుంచి పోస్తే సరిపోతుంది. మీ పాత్ర అంచు వాళ్ల కప్పుకు తగలకూడదు, అంతే. మురికిగా ఉంటే మర్యాదగా వద్దనే హక్కు మీకుంది.

రెండోది డిపాజిట్ కప్పు. జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరం 2016లో ఒక యూరో డిపాజిట్‌తో పథకం పెట్టింది: ఒక షాపులో తీసుకున్న కప్పును పథకంలో ఉన్న ఇంకే షాపులోనైనా ఇచ్చి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కీలకం ఆ "ఇంకే షాపులోనైనా" అన్నదే. తీసుకున్న చోటే తిరిగి ఇవ్వాలంటే కప్పు ఇంట్లో పెన్నుల స్టాండ్ అయిపోతుంది. కాబట్టి ఒక్కరే దిగొద్దు, చుట్టుపక్కల షాపులవాళ్లతో కలిసి దిగండి.

సొంత కప్పు తెస్తే తగ్గింపు ఇవ్వాలా, పారేసే కప్పుకు రుసుము వేయాలా?

కార్డిఫ్ విశ్వవిద్యాలయం చేసిన పరిశోధనలో పారేసే కప్పుకు విడిగా డబ్బు వేస్తే సొంత కప్పులు పెరిగాయి. అంతే మొత్తాన్ని తగ్గింపుగా ఇస్తే మార్పు రాలేదు. వచ్చే రూపాయి కంటే పోయే రూపాయి ఎక్కువ నొప్పి పెడుతుంది మరి.

అలాగని రుసుము వేసేస్తే పని అయిపోదు. కెనడాలోని వాంకూవర్ నగరం 2022 జనవరిలో కప్పుకు 25 సెంట్లు తప్పనిసరి చేసింది. ఆ డబ్బు షాపుల దగ్గరే మిగిలిపోతోందని, సొంత కప్పు తీసుకోని షాపులున్నాయని జనం మండిపడ్డారు. 2023 మేలో ఎత్తేశారు. రుసుము వేస్తే బిల్లులో విడిగా చూపించండి, దాన్ని దేనికి వాడుతున్నారో చెప్పండి, తప్పించుకునే దారి అదే కౌంటర్ మీద ఉండాలి. గ్లాసు ఇవ్వకుండా కప్పుకు డబ్బు అడిగితే అది దోపిడీలాగే కనిపిస్తుంది.

చట్టాలు ఏం చెబుతున్నాయి?

దేశానికో తీరు. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన ఆదేశం ప్రకారం ప్లాస్టిక్ స్ట్రాలు, పానీయం కలిపే పుల్లలు, ఫోమ్ కప్పుల అమ్మకం 2021 జూలై 3 నుంచి ఆగింది. భారతదేశంలో ప్లాస్టిక్ స్ట్రాలు, కప్పులు, గ్లాసులపై నిషేధం 2022 జూలై 1 నుంచి ఉంది. కాలిఫోర్నియాలో బల్ల దగ్గరకు వచ్చి వడ్డించే రెస్టారెంట్లు 2019 నుంచి అడిగితేనే ప్లాస్టిక్ స్ట్రా ఇవ్వాలి. ఫ్రాన్స్‌ది నాకు బాగా నచ్చిన చట్టం: 2023 జనవరి నుంచి 20 సీట్లకు తగ్గని చోట్ల, లోపల తినేవాళ్లకు కడిగి వాడే పాత్రలే పెట్టాలి. ఏ పదార్థంతో చేసిన కప్పు అన్న వాదనే ఉండదు. జర్మనీలో అదే నెల నుంచి పార్సిల్‌కు కూడా తిరిగి వాడే కప్పు ఎంపిక చూపాలి.

వెనక్కి తగ్గినవీ ఉన్నాయి. దక్షిణ కొరియా 2023 నవంబర్‌లో కాగితం కప్పులు, ప్లాస్టిక్ స్ట్రాలపై పట్టు సడలించింది. అమెరికా అధ్యక్షుడు 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వ కార్యాలయాలు కాగితం స్ట్రాలు కొనడం ఆపాలని ఉత్తర్వు ఇచ్చారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి మీ స్థానిక అధికారులను అడిగి రూఢి చేసుకోండి. కడిగి వాడే గ్లాసును మాత్రం ఏ చట్టం వచ్చినా మార్చాల్సిన పని పడదు.

గోడౌన్‌లో ఆరు నెలల సరుకు ఉంది. పారేయాలా?

నిషేధం లేని చోటైతే అడిగినవాళ్లకు ఇస్తూ ఖాళీ చేయండి. వాడని సరుకును చెత్తలో వేసి "మేం మారాం" అనడం వింతగా ఉంటుంది. కొత్త ఆర్డర్ మాత్రం ఈరోజే ఆపండి.

సిబ్బంది వినడం లేదు. పాత అలవాటుకే పోతున్నారు.

పని ఎక్కువైతే ఎవరూ వినరు. పారేసే కప్పులు తీసేసి, కడిగేవాళ్లు అదే ఒక్కరు అంటే ఆ కోపం న్యాయమే. కప్పుల మీద మిగిలిన డబ్బులో కొంత అంట్లు కడిగే చోటికి మళ్లించండి: ఇంకో ట్రే, ఇంకో మనిషి, కనీసం మంచి చేతి తొడుగులు. గ్లాసులు చేతికి అందేంత ఎత్తులో, కప్పులు పై అరలో పెట్టండి. రద్దీలో చెయ్యి దగ్గరున్నదాని మీదకే పోతుంది.

పని జరుగుతోందని ఎలా తెలుస్తుంది?

వంద పానీయాలకు ఎన్ని కప్పులు, ఎన్ని స్ట్రాలు ఖర్చయ్యాయో నెలనెలా చూడండి. మొత్తం సంఖ్య చూస్తే వ్యాపారం తగ్గిన నెలలో కూడా ఘనకార్యం చేసినట్టు కనిపిస్తుంది. మూతలను కూడా విడిగా రాయండి. కప్పులు తగ్గి మూతలు తగ్గకపోతే ఎవరో లోపల కూర్చున్నవాళ్లకు గ్లాసు మీద కూడా మూత పెడుతున్నట్టు. నవ్వకండి, చూశాను.